చర్మానికి మూడింటి ఎండ కన్నా పదింటి ఎండే చేటు

మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు హిజ్లీ వీధుల్లో మనిషి అలికిడి ఉండదు. ఎర్రమట్టి నేల కాలుతుంటుంది, గాలి సెగలా తగులుతుంది, కిటికీలు మూసుకుని జనం లోపలే ఉంటారు. అదే ఊళ్లో ఉదయం పదిన్నరకు చూస్తే కూరగాయల సంచులతో, సైకిళ్ల మీద, నెత్తిన గుడ్డ కూడా లేకుండా తిరుగుతుంటారు. ఎండ ఇంకా ముదరలేదు కదా అన్నది వారి లెక్క. వేడి విషయంలో ఆ లెక్కలో తప్పేమీ లేదు. చర్మం విషయంలో మాత్రం అది తలకిందులు. సూర్యుడి ఎత్తును బట్టి లెక్క వేస్తే, మబ్బు లేని మే చివరి రోజుల్లో ఇక్కడ పదిన్నరకే చర్మాన్ని కమిలించే కిరణాల తీవ్రత ఆ రోజు గరిష్ఠంలో సుమారు 90 శాతానికి చేరుతుంది. మూడు గంటలకు అది 40 శాతం దగ్గరికి పడిపోతుంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకుని ఉన్న ప్రాంతం హిజ్లీ. స్వాతంత్ర్య పోరాట కాలంలో రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం ఇక్కడ ఉండేది. 1931 సెప్టెంబరు 16న జరిగిన కాల్పుల్లో ఇద్దరు నిర్బంధితులు ప్రాణాలు కోల్పోయారు. ఆ భవనంలోనే 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది కూడా ప్రధానంగా ఈ ఊరి తెలుగువారిని చూసే.

ఇలాంటి ఊళ్లో వేసవి చిట్కాలు రెండు భాషల్లో దొరుకుతాయి. ఒక ఇంట్లో మజ్జిగ, చోడి అంబలి, తరవాణి. పక్కింట్లో కాల్చిన పచ్చి మామిడికాయ గుజ్జుతో చేసే ఆమ్ పోడా షర్బత్, నీళ్లలో నానబెట్టిన పాంతా భాత్, అంటే మన చద్దన్నం. ఒంటికి రాయడానికి పెరుగు, కలబంద, గంధం, కొబ్బరినూనె. వీటన్నిటినీ కలిపే మాట ఒక్కటే: చలవ. ఒళ్లు వేడెక్కింది, కాబట్టి చల్లబరచాలి. ఈ ఆలోచన వడదెబ్బకు చక్కగా సరిపోతుంది. అయితే ఎండకు ఒళ్లు కందిపోవడం వడదెబ్బ కాదు. తెలుగులో ఈ రెంటికీ విడివిడిగా మాటలు ఉన్నాయి, కానీ మందు దగ్గరికి వచ్చేసరికి రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

వేడి ఒకటి, వెలుగు ఒకటి

ఎండలో నిలబడితే ఒంటికి తెలిసే వెచ్చదనం ఎక్కువగా పరారుణ కిరణాలది, కంటికి కనిపించే వెలుగుది. చర్మాన్ని కమిలించేవి అతినీలలోహిత కిరణాలు. నేలకు చేరే సౌరశక్తిలో వీటి వాటా సుమారు 5 శాతమే. అందులోనూ చర్మాన్ని ముఖ్యంగా దెబ్బతీసే యూవీ-బీ కిరణాలు మళ్లీ 5 శాతం దగ్గర ఉంటాయి, మిగిలినదంతా యూవీ-ఏ. ఇంత కొద్దిపాటి వాటా ఒంటిని వేడెక్కించలేదు. కానీ ఒక్కో యూవీ-బీ ఫోటాన్‌కు ఒక్కో పరారుణ ఫోటాన్ కంటే రెండు రెట్లకు పైగా శక్తి ఉంటుంది. అణువుల మధ్య బంధాలను మార్చడానికి ఆ శక్తి చాలు. చర్మంలో ఈ కిరణాలను పసిగట్టే ఇంద్రియం మనకు లేదు. తగులుతున్నట్టు తెలియని దెబ్బ ఇది.

ఈ తేడాను మొదట చేత్తో పట్టుకున్న ప్రయోగం రెండు శతాబ్దాల నాటిది. 1820లో ఇంగ్లండ్ వైద్యుడు ఎవరార్డ్ హోమ్ తన రెండు చేతులనూ ఎండలో పెట్టాడు. ఒకదాని మీద నల్ల గుడ్డ కప్పాడు, రెండోదాన్ని అలాగే వదిలేశాడు. నల్ల గుడ్డ కింద థర్మామీటరు ఎక్కువ వేడి చూపించింది. కమిలింది మాత్రం గుడ్డ లేని చేయి. అప్పటికి పంతొమ్మిదేళ్ల ముందే, 1801లో, జర్మనీలో యోహాన్ రిట్టర్ ఊదారంగుకు అవతల కంటికి కనపడని కిరణాలున్నాయని వెండి క్లోరైడు నల్లబడటాన్ని బట్టి గుర్తించాడు. ఈ రెండు విషయాలకూ ముడి పడటానికి 1889 దాకా ఆగాల్సి వచ్చింది. స్వీడన్ వైద్యుడు యోహాన్ విడ్‌మార్క్ ఆర్క్ దీపపు వెలుగును రకరకాలుగా వడకట్టి చర్మం మీద ప్రసరింపజేసి, కమిలించేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలేనని తేల్చాడు.

హిజ్లీ గడియారం

ఇక పదిన్నర లెక్కకు వద్దాం. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి చెందినది. ఖరగ్‌పూర్ సుమారు 87.3 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు గడియారం కంటే దాదాపు 19 నిమిషాలు ముందుంటాడు. మే నెలాఖరులో నడినెత్తి పొద్దు పన్నెండింటికి కాదు, పదకొండు నలభై లోపే. శ్రీకాకుళంలో కంటే సుమారు 14 నిమిషాలు ముందు.

నేల, గాలి వేడెక్కడానికి సమయం పడుతుంది. పొయ్యి ఆర్పాక కూడా పెనం కాలుతున్నట్టే, పొద్దు వాలడం మొదలయ్యాక కూడా ఉష్ణోగ్రత పెరుగుతూ రెండున్నర, మూడున్నర మధ్య గరిష్ఠానికి చేరుతుంది. అతినీలలోహిత కిరణాలకు ఈ జాప్యం లేదు. సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటే అంత తీవ్రత. నడినెత్తిన ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో, అందులోని ఓజోన్‌లో అతి తక్కువ దూరం ప్రయాణిస్తాయి. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగితే ఆ దూరం రెట్టింపు అవుతుంది. పైగా ఉష్ణమండలంలో ఓజోన్ పొర సహజంగానే పలచన. అందుకే ఇక్కడ స్వచ్ఛమైన వేసవి మధ్యాహ్నాల్లో యూవీ సూచీ 11 దాటడం వింత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్దలో 11, ఆపైన ఉన్నదాన్ని ‘అతి తీవ్రం’ అంటారు.

అంటే హిజ్లీలో చర్మాన్ని కాచుకోవాల్సిన వేళ స్థూలంగా ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. ఉదయం తొమ్మిదింటి ఎండలో ఉండే యూవీ సాయంత్రం నాలుగింటి ఎండలో ఉండేదానికి దాదాపు మూడు రెట్లు. ‘పన్నెండు నుంచి మూడు దాకా బయటికి వెళ్లకండి’ అనే మాట వడదెబ్బకు రాసిన చీటీ. దాన్ని చర్మానికి వాడితే దెబ్బతీసే వేళలో సగం జారిపోతుంది. గడియారం కన్నా నమ్మదగినది నీడ. నీడ మనిషి కన్నా పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీల కన్నా పైనున్నట్టు, చర్మాన్ని కప్పుకోవాల్సిన సమయమన్నట్టు. ఏ ఊరికైనా, ఏ నెలలోనైనా ఈ కొలత పనిచేస్తుంది.

నెలల లెక్క కూడా ఇలాంటిదే. ఖరగ్‌పూర్ కర్కాటక రేఖకు కొంచెం దక్షిణాన ఉంది కాబట్టి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి ఏటా రెండుసార్లు వస్తాడు. జూన్ మొదటి వారంలో ఒకసారి, జులై రెండో వారంలో మరోసారి. ఆ మధ్యాహ్నాల్లో నిలువు కర్రకు నీడ ఉండదు. జులై నాటికి వానలు పడి ఒళ్లు చల్లబడి ఉంటుంది, ఎండాకాలం పోయిందని అందరూ అనుకుంటారు. నల్లని వానమబ్బు యూవీని బాగానే ఆపుతుంది. పలుచని మబ్బు అలా కాదు, 80 శాతం దాకా కిందికి వదిలేస్తుంది.

ఇక్కడివారికి ఒళ్లు కమిలే చోటు మరొకటి ఉంది: దిఘా. సెలవు దొరికితే ఖరగ్‌పూర్ నుంచి వెళ్లే సముద్రతీరం అదే. సముద్రపు గాలికి వేడి తెలియదు. పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురుగు 25 శాతం దాకా యూవీని తిరిగి మీదికి కొడతాయి. నీళ్లలో దిగితే తప్పించుకున్నట్టేనా అంటే, అర మీటరు లోతులో కూడా పైన ఉన్న యూవీలో 40 శాతం ఉంటుంది. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఏమీ అనిపించదు. భుజాలు, ముక్కు, పాదాల పైభాగం రాత్రికి మంట మొదలుపెడతాయి.

రాత్రికి ఎందుకు?

ఎండ తగిలిన మూడు నుంచి ఐదు గంటలకు గానీ మంట, ఎరుపు మొదలు కావు. పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల మధ్య అవి ముదురుతాయి. కారణం, కనిపించే ఎరుపు అసలు దెబ్బ కాదు, దానికి శరీరం ఇచ్చే జవాబు. యూవీ-బీ ఫోటాన్ చర్మకణంలోని డీఎన్‌ఏను తాకినప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు థైమీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. జిప్‌లో రెండు పళ్లు కరుచుకుపోయినట్టు, అక్కడ డీఎన్‌ఏ సరిగా చదవబడదు. దెబ్బతిన్న కణాలు సంకేతాలు విడుదల చేస్తాయి. అలా బయటపడే విరిగిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలే పక్క కణాల్లో వాపును రేపుతాయని 2012లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు చూపించారు. రక్తనాళాలు వెడల్పవుతాయి, చర్మం వెచ్చబడుతుంది. బాగుచేయలేనంతగా చెడిన కణాలు తమంతట తామే చనిపోతాయి. కొద్ది రోజుల తర్వాత పొరలుగా ఊడేవి అవే.

ఎండలోంచి నీడలోకి వచ్చినంత మాత్రాన పని ఆగదని 2015లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధన చెప్పింది. యూవీ రేపిన రసాయన చర్యల వల్ల మెలనిన్ శక్తిని పొంది, దాన్ని చీకట్లో కూడా డీఎన్‌ఏకు అందిస్తుందని, కొత్త అతుకులు గంటల తరబడి ఏర్పడుతూనే ఉంటాయని ఆ బృందం గుర్తించింది. మనల్ని కాపాడే రంగే కొంత నష్టానికి కూడా కారణం కావడం ఆశ్చర్యకరం. అయితే మొత్తం మీద మెలనిన్ రక్షకుడే. తెల్లని చర్మపు పైపొర లోపలికి వదిలే యూవీ-బీలో మూడో వంతు కన్నా తక్కువనే నల్లని చర్మపు పైపొర వదులుతుందని 1979 నాటి కొలతలు చెబుతున్నాయి. మన గోధుమ, చామన ఛాయలు ఆ రెంటికీ మధ్య ఉంటాయి. కాబట్టి మనకు కమలడం ఆలస్యమవుతుంది, అంతే తప్ప అసలు జరగకుండా ఉండదు. పైగా ఎరుపు సరిగా కనపడదు. చర్మం బిగుసుకోవడం, తాకితే వెచ్చగా ఉండటం, దురద, ముదురు రంగు తేలడం మన గుర్తులు. ‘నల్లబడ్డాను’ అని నవ్వి ఊరుకునేది చాలాసార్లు ఇదే.

కందిన చోట గోరువెచ్చని నీళ్లు పడినా భగ్గుమంటుంది. చర్మపు నరాల చివర టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. మామూలుగా అది 43 డిగ్రీల సెల్సియస్ దాటితేనే ‘కాలుతోంది’ అని మెదడుకు చెబుతుంది. వాపు వల్ల ఆ హద్దు కిందికి జారిపోయి, ఒంటి వేడినే కాలడంగా చెప్పడం మొదలుపెడుతుంది. మిరపకాయలోని కాప్సైసిన్ తట్టేది కూడా ఇదే గ్రాహకాన్ని. కమిలిన ఒళ్లు కారం రాసినట్టు మండుతోందని మనవాళ్లు అనడంలో అతిశయోక్తి లేదన్నమాట. ఈ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

వంటింటి మందులు ఏం చేస్తాయి, ఏం చేయవు

పై సంగతంతా మనసులో పెట్టుకుని చూస్తే చిట్కాల విలువ తేలికగా తేలుతుంది. డీఎన్‌ఏకు తగిలిన దెబ్బను పెరుగు గానీ గంధం గానీ తుడిచేయలేవు. మంటను తగ్గించగలవు, అది చిన్న విషయమేమీ కాదు.

అన్నిటికన్నా మేలైన మందు కుళాయి నీళ్లు. ఒక గ్రాము నీరు చర్మం మీద ఆవిరయ్యేటప్పుడు సుమారు 2,400 జౌళ్ల వేడిని తీసుకుపోతుంది. తడి గుడ్డను పది, పదిహేను నిమిషాలు వేసి ఉంచి, రోజులో నాలుగైదు సార్లు అలా చేస్తే రేగిన గ్రాహకాలు కొంత శాంతిస్తాయి. బెంగాల్ ఉక్కపోతలో నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది కనుక పక్కన ఫ్యాను తిరుగుతుంటే మంచిది. ఐసు నేరుగా పెట్టడం తప్పు. అప్పటికే దెబ్బతిన్న చర్మానికి అది రెండో దెబ్బ.

పెరుగు చేసేది కూడా చాలామటుకు నీళ్ల పనే: చల్లని తడి పొర, దానికి తోడు కాస్త కొవ్వు. చర్మం చెక్కు చెదరకుండా ఉంటే రాసుకుని కడిగేసుకోవచ్చు. బొబ్బ వచ్చినా, చర్మం చిట్లినా వద్దు. పెరుగులో బ్యాక్టీరియా ఉంటుంది, పులుపు మంట పుట్టిస్తుంది.

కలబందకు ఉన్న పేరు పెద్దది, దాని వెనకున్న ఆధారాలు మాత్రం మిశ్రమం. యూవీతో కావాలని ఎరుపెక్కించిన చర్మం మీద కలబంద గుజ్జు వాపును కొంత తగ్గించిందని 2008లో జర్మనీ పరిశోధకులు ప్రచురించారు. అంతకు మూడేళ్ల ముందు థాయ్‌లాండ్‌లో చేసిన పరీక్షలో కలబంద క్రీము కమలడాన్ని ఆపలేదు, కమిలాక తగ్గించనూ లేదు. రెంటినీ కలిపి చదివితే వచ్చే సారం: తేమకు, చల్లదనానికి వాడుకోవచ్చు, ఎండలోకి వెళ్లే ముందు రాసుకుని ధైర్యంగా ఉండటానికి పనికిరాదు. పెరటి మట్టను కోసినప్పుడు కారే పసుపుపచ్చ జిగురును మాత్రం పూర్తిగా కార్చేయాలి, కొందరికి అది దురద పుట్టిస్తుంది.

కొబ్బరినూనెకు ఎస్‌పీఎఫ్ 7, 8 ఉందనే మాట తరచూ వినిపిస్తుంది. అది 2010లో వచ్చిన ప్రయోగశాల కొలత. నూనెను ఆల్కహాల్‌లో కలిపి పరికరంలో పెట్టి తీసిన అంకె. చెమట పట్టిన మనిషి ఒంటి మీద, పలుచగా సాగిన నూనె పొర మీద తీసినది కాదు. తాజాగా కందిన చర్మంపై నూనె, నెయ్యి మందంగా పట్టించకుండా ఉండటమే మంచిది. పొరలు ఊడే దశలో పొడితనానికి కొబ్బరినూనె హాయిగానే ఉంటుంది. గంధం మందంగా పూస్తే కొంత వెలుగును అడ్డుకుంటుంది, ఏనుగు ఒంటికి బురద పనిచేసినట్టు. చెమటకు అది చిట్లి రాలిపోతే ఆ అడ్డూ పోతుంది. టూత్‌పేస్టులోని మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే గ్రాహకాన్ని తట్టి చల్లబడ్డట్టు భ్రమ కలిగిస్తుంది తప్ప చర్మం ఒక్క డిగ్రీ కూడా చల్లబడదు. సున్నిపిండితో రుద్ది నలుపు పోగొట్టాలని చూడటం మానిపోతున్న పుండును గీకడమే.

ఇక నిమ్మకాయ. నలుపు తగ్గుతుందని నిమ్మరసం రాసుకోవడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు, ఈ చిట్కాల్లో నిజంగా భయపడాల్సింది కూడా ఇదే. నిమ్మ తొక్కలో, రసంలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా యూవీ-ఏ తగిలితే డీఎన్‌ఏకు అతుక్కుని, ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు, ఆ తర్వాత నెలల తరబడి పోని నల్లమచ్చలు తెస్తాయి. విదేశీ పెద్ద నిమ్మ కంటే మనం రోజూ వాడే చిన్న నిమ్మకే ఈ గుణం ఎక్కువ. ఈ రసాయన కుటుంబంలోని సోరాలెన్‌ను మన వైద్యులు పేరు తెలియకుండానే వాడారు. బొల్లి మచ్చలకు బావంచాల గింజలు వాడి, ఎండ తగలనివ్వడం పాత పద్ధతి. ఆ మొక్క శాస్త్రీయ నామం సోరాలియా నుంచే సోరాలెన్‌కు పేరు వచ్చింది. మందుగా కొలతతో వాడేదాన్ని సౌందర్య సాధనంగా గుప్పెళ్లతో పులుముకుంటే ఏమవుతుందో నిమ్మరసం చూపిస్తుంది. ఎండలో నిలబడి నిమ్మసోడాలు కలిపేవారు పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవడం అందుకే అవసరం.

మజ్జిగ, అంబలి, ఆమ్ పోడా షర్బత్ ఒంట్లో నీటిని, లవణాలను నిలబెడతాయి. కమిలిన చర్మం నీటిని ఎక్కువగా కోల్పోతుంది కనుక ఆ రోజు ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ తాగాలి. అంతకుమించి అవి చర్మానికి కవచం కావు.

గుడ్డలో ఉన్న లెక్క

పట్టాల మీద పనిచేసేవారికి, రిక్షా తొక్కేవారికి, బండి మీద సరుకులమ్మేవారికి తొమ్మిది నుంచి రెండు దాకా ఇంట్లో కూర్చోమనే సలహా అక్కరకు రాదు. వారికి మిగిలేది గుడ్డ. బెంగాల్‌లో ప్రతి భుజం మీదా కనిపించే గామ్ఛా, మన తువ్వాలు రెండూ పలుచని నేతవి. అలాంటి పలుచని నూలు గుడ్డ యూవీలో దాదాపు ఐదో వంతును లోపలికి వదులుతుందని అనుకుందాం. దాన్ని రెండు మడతలు వేస్తే ఐదో వంతులో ఐదో వంతు, అంటే ఇరవై ఐదో వంతే లోపలికి వస్తుంది. ఖర్చు లేని మెరుగుదల. గుడ్డను వెలుతురుకు ఎత్తి చూస్తే దాని శక్తి తెలిసిపోతుంది. అవతలి వస్తువులు కనిపిస్తుంటే యూవీ కూడా వస్తున్నట్టే.

ఇక్కడ వేడికీ వెలుగుకూ మళ్లీ తగువు. తడి గామ్ఛా తలకు హాయి, వడదెబ్బకు విరుగుడు. కానీ దారాల మధ్య నీరు నిండితే గుడ్డ మరింత పారదర్శకమై యూవీని ఎక్కువ వదులుతుంది. ముదురు రంగు యూవీని బాగా ఆపుతుంది, వేడిని పట్టుకుంటుంది. లేత రంగు అందుకు ఎదురు. ఏదో ఒకటే ఎంచుకోవాలంటే ఎండపనిలో ముందు వడదెబ్బ నుంచి కాపాడుకోవాలి, అది గంటల్లో ప్రాణం తీయగలదు. రెండూ కావాలంటే తడి గుడ్డ తల మీద, పొడి గుడ్డ దాని పైన.

గొడుగు మంచిదే, పూర్తి రక్షణ కాదు. తరంగదైర్ఘ్యం సగమైతే గాలి దాన్ని పదహారు రెట్లు ఎక్కువగా చెదరగొడుతుంది. ఆకాశం నీలంగా ఉండటానికి కారణం అదే, యూవీ అన్ని దిక్కుల నుంచి రావడానికీ అదే కారణం. గొడుగు సూర్యుణ్ని కప్పుతుంది, మిగతా ఆకాశాన్ని కాదు. చెట్ల కింద నీడ మేలు, వెడల్పాటి అంచు టోపీ ఇంకా మేలు.

సన్‌స్క్రీన్ కొనేవారు ఎస్‌పీఎఫ్ 30 చాలని తెలుసుకోవాలి. అది యూవీ-బీలో 97 శాతాన్ని ఆపుతుంది. అయితే ఆ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసినప్పటిది. చాలామంది అందులో సగం కూడా రాయరు, అప్పుడు రక్షణ బాగా పడిపోతుంది. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి, బయలుదేరడానికి పావుగంట ముందు, ఆపైన రెండు గంటలకోసారి.

పెద్ద భాగంలో బొబ్బలు వచ్చినా, జ్వరం, చలి, వాంతులు, తల తిరగడం ఉన్నా, కమిలింది పసిపిల్లలకైనా ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బొబ్బను చిదమకూడదు, లోపలి కొత్త చర్మానికి అదే కట్టు. మామూలుగా తిరిగే ఎండకే హఠాత్తుగా ఒళ్లు కందిపోతుంటే వాడుతున్న మాత్రల పేర్లు డాక్టరుకు చెప్పడం మరవద్దు. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, రక్తపోటుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ వంటివి చర్మానికి యూవీని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. అలాగని మాత్ర సొంతంగా ఆపేయకూడదు, మార్చాలో వద్దో రాసిన డాక్టరే చెప్పాలి.